కొలతల పుస్తకం

నల్లకోటు సారు అడిగిన మొదటి మాట:
"నువ్వేమన్నా డాక్టరువా?"
కాదు సార్, రైకలు కుడతాను.
తాడిపత్రిలో, పాత పోస్టాఫీసు సందులో,
రెండు మిషన్లు, ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టె.

అనంతపురం వినియోగదారుల కోర్టులో
ఫ్యాను తిరుగుతాండాది, గాలి మాత్రం పెద్ద కుర్చీ దాకానే.
బల్ల మీద నా కొలతల పుస్తకం.
అట్ట ఊడితే లైనింగు గుడ్డ అంటించుకున్నది.
దానికిప్పుడొక నంబరు: ఎగ్జిబిట్ ఏ-ఏడు.
నలభై మూడో పేజీ. వన్నూరమ్మ.
చదవమన్నారు.

పీర్ల పండగ రైక: ఛాతీ ముప్పైనాలుగు, రెండు పక్కలా సమం.
నవంబరు: ఎడమ పక్క పావు అంగుళం ఎక్కువ వదలాల.
ఫిబ్రవరి: ముప్పావు. చంక కింద కుట్టు విప్పి మళ్లీ వేసినా.
కూలి తీసుకోలేదు.

"టేపు పాతదైతే సాగదా?"
సాగితే రెండు పక్కలా సాగుతుంది సార్.

"కూలి తీసుకోలేదని ఎందుకు రాసుకున్నావు?"
లెక్కకు.
ఆ పొద్దు ఆమె దగ్గర దుడ్లు లేవు.
ఉన్నవి డాక్టరుకిచ్చి
నేరుగా నా అంగడికే వచ్చింది,
జుట్టులో బండల పిండి తెల్లగా అట్లనే ఉండాది.

పావు అంగుళం నాడే చెప్పినా, చూపించుకో అక్కా అని.
పాలిషు ఫ్యాక్టరీలో పూట కూలి పోగొట్టుకొని
మూడుసార్లు పోయింది ఆ ఆసుపత్రికి.
మొదటిసారి పాలగడ్డ అన్నాడంట.
చిన్నోడికి తొమ్మిదేండ్లు. పాలెక్కడివి?
రెండోసారి కొవ్వు.
బరువులెత్తేదానివి, నరం కూడా పట్టింటుందన్నాడు.
మూడోసారి తలెత్తకుండానే
ఎర్ర గొట్టం మాత్రలు రాసిచ్చినాడు, పది రోజులకు.
చీటీలో ఎడమ అని గానీ కుడి అని గానీ లేదు.
నేను నయం, పక్క రాసుకుంటాను.

జూలైలో, కర్నూలు పెద్దాసుపత్రిలో
సూది పెట్టి చూసినారు.
ఆ సూది ఎంతుంటుందని అడిగితే
నర్సమ్మ చూపించింది.
నా మిషను సూది కంటే సన్నం.

"ముందే కనుక్కున్నా బతికేదని నువ్వు చెప్పగలవా?"
చెప్పలేను.
కానీ సార్, మాకొక పద్ధతుండాది.
కుట్టు లోపల అర్ధ అంగుళం గుడ్డ వదుల్తాం.
బయటికి కనపడదు.
మనిషి ఒళ్లు మారితే విప్పుకోడానికి.
నా కొలతే కొలత అని అంచు దాకా కత్తిరించినోడు
టైలరు కాదని
పని నేర్పిన రసూల్ సాబు అనేవాడు.
ఆ డాక్టరు లోపల ఏమీ వదల్లేదు.

"ఇది సాక్ష్యం కాదు" అన్నాడు నల్లకోటు.
టైపు కొట్టేటామె చెయ్యి ఆపింది.
అంతవరకూ కొట్టింది ఉంచిందో, తీసేసిందో
నాకు తెలీదు.

ఆపరేషను అయినంక ఒక రైక కుట్టించుకుంది.
"ఎడమ పక్క చదునుగా పెట్టు.
గుడ్డ మిగుల్తుంది కదా, కూలి సగమే ఇస్తా" అని నవ్వింది.
నేనూ నవ్వినా. పెడలు మీద కాలు కదల్లేదు.
ఆ రైకను రెండుసార్లు తొడుక్కుంది.

తీర్పు వచ్చిన రోజు ఆమె మొగుడు కాశీంసా
కాగితం తెచ్చి కత్తిరించే బల్ల మీద పరిచినాడు.
నాలుగు లక్షల ఇరవై వేలు. ఖర్చులకు పదివేలు.
"ఎనిమిది నెలలు కదా పోయింది,
నెలకెంత పడినట్టు?"
సుద్దముక్కతో బల్ల మీదే లెక్క వేసిచ్చినా.
ఆయప్ప ఆ అంకెను చూసుకుంటా చానాసేపు కూర్చున్నాడు,
లేచేటప్పుడు మోచేత్తో తుడిచేసినాడు.
నెల తిరక్కముందే ఆసుపత్రోళ్లు అప్పీలుకు పోయినారు.

పుస్తకం ఇంకా కోర్టులోనే ఉండాది.
సందులో ఆడోళ్లందరి కొలతలూ దాంట్లోనే.
మళ్లీ ఒక్కొక్కరికీ టేపు పెడతాండా.
ఎడమ పక్కకొచ్చేసరికి చెయ్యి ఆగుతుంది.
"ఏంది సుంకమ్మా, ఏమైంది?"

ఏం లేదు, ఊపిరి వదులు.
ఇంకోసారి చూస్తా.